తలవైపు సున్నం నాది

అమ్మా,

నేను, ఏస్తేరుని. నువ్వు వెళ్ళిపోయి ఈ నవంబరుకి ఆరేళ్ళు నిండాయి. ఎలా ఉన్నావు? అక్కడైనా మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

మొన్న సమాధుల పండక్కి నీ దగ్గరికి వచ్చాను. వచ్చాను గానీ నీతో ఒక్క మాటా మాట్లాడకుండా తిరిగొచ్చేశాను. చూసే ఉంటావులే... సున్నం బ్రష్షు పట్టుకుని నేను వేసిన వేషాలన్నీ. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. నీకు చదవడం రాదు కదా, అక్కడ ఎవరిచేతనైనా చదివించుకో. శ్రీలక్ష్మి ఇంకా ఇక్కడే ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దానిచేతే చదివించుకునేదానివి.

ఇది రాస్తుంటే ఇల్లంతా సాంబ్రాణి వాసన. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు నీతో పోట్లాడాల్సింది ఉంది.

నీకు మునిమనవరాలు పుట్టిందమ్మా. మన గ్రేస్‌కి. ఇంకా నెల నిండలేదు. రంగు వాళ్ళ నాన్నది, నుదురు మాత్రం అచ్చం నీదే. పగలంతా నిద్రపోయి, అందరూ పడుకునే వేళకి రాగం అందుకుంటుంది.

గ్రేస్ సంగతి నీకు తెలుసుగా. ఉప్మా చేయాలన్నా ఫోన్లో చూసి చేసే రకం. బిడ్డకి నీళ్ళు పోయడం కూడా ఫోన్లోనే చూసి నేర్చుకుంది. గులాబీ రంగు ప్లాస్టిక్ తొట్టి కొంది. తీరా సబ్బు రాసేసరికి బిడ్డ చేతుల్లోంచి జారబోయింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. మర్నాడు నేను గవర్నర్‌పేటలో చీరల షాపు నుంచి ఇంటికి రాగానే ఒక శుభవార్త చెప్పింది. రేపట్నుంచి నీళ్ళు పోయడానికి శ్రీలక్ష్మి ఆంటీ వస్తుందట. ఈ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో అందరూ ఆవిడ్నే పిలుస్తారట. స్కూటీ మీద పొద్దున్నే బయల్దేరి ఇల్లిల్లూ తిరుగుతుందట. ఆవిడ దొరకడమే కష్టమట. మా అమ్మది మీ ఊరేనని చెబితే వెంటనే ఒప్పుకుందట. ఎంత మంచి చెయ్యో, అట.

ఎవరి చెయ్యమ్మా అది?

అది నా గుమ్మం తొక్కడానికి వీల్లేదన్నాను. గ్రేస్ బిత్తరపోయింది. దానికి ఈ కథలేవీ తెలియవు కదా, నేనెప్పుడూ చెప్పలేదు. అయితే నువ్వే పొయ్యమ్మా అంది. మామూలుగానే అంది, ఎత్తిపొడుపేం కాదు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. ఎందుకంటే నాకు రాదు. పసిబిడ్డలకి నీళ్ళు పోయడంలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పేరుపడ్డ దీనమ్మకి ఒక్కగానొక్క కూతుర్ని నేను, నాకే రాదు. నువ్వు నేర్పలేదు. దానికి నేర్పావు!

రెండు రోజులు గ్రేస్‌తో మాటల్లేవు. శ్రీలక్ష్మికి ఫోన్ చేసి ఇప్పుడే రావద్దని చెప్పింది పాపం. బిడ్డకి తడిగుడ్డతో తుడుస్తున్నారు. మీ అల్లుడు మధ్యలో నలిగిపోయి ఆటో తీసుకుని పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. ఇంతలో సమాధుల పండగ వచ్చింది. సరే, ఈ తగువు నీ దగ్గరే తేల్చుకుందామని బయల్దేరాను.

బస్సులో కూర్చున్నంతసేపూ మన ఊరి పెరళ్ళే కళ్ళ ముందు...

నా చిన్నప్పుడు నువ్వు నాకంటే ఎక్కువగా ఎవరెవరి బిడ్డలనో ముట్టుకునేదానివి. పొద్దున్నే మగ్గాల వీధి నుంచి పిలుపు వచ్చేది. నీ కొంగు పట్టుకుని నేనూ వచ్చేదాన్ని. వాళ్ళ పెరట్లో పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, చీర మోకాళ్ళ పైకి దోపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకునేదానివి. మాడు మీద ఆముదం అద్దేదానివి. సున్నిపిండి పట్టించి వీపంతా అరచేత్తో రుద్దితే, అప్పటిదాకా గుక్కపట్టిన బిడ్డ మత్తుగా కళ్ళు మూసేసేది. ముక్కు దూలం వేళ్ళతో సుతారంగా లాగేదానివి. కాళ్ళూ చేతులూ అడ్డంగా మడిచి విప్పేదానివి.

నేను ఆ పక్కన గోడకి ఆనుకుని కూర్చుని కుళ్ళుకునేదాన్ని. నాకు తల రుద్దేటప్పుడు ఆ సుతారం ఎక్కడికి పోయేది? గబగబా రెండు చెంబులు కుమ్మరించి వీపు మీద ఒకటి వేసి బడికి తరిమేదానివి. ఆ బిడ్డల్లో ఒకదాన్నైపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో!

అన్నిటికంటే కుళ్ళు ఆఖరి చెంబు దగ్గర. స్నానం అయ్యాక ఒక చెంబు నీళ్ళు విడిగా ఉంచుకుని, బిడ్డ తల చుట్టూ తిప్పి పక్కన పారబోసేదానివి. దిష్టి నీళ్ళు. తిప్పుతున్నప్పుడు నీ పెదాలు కదిలేవి. మాట బయటికి వచ్చేది కాదు. మన పాస్టరు గారికి ఈ దిష్టి తీయడం కిట్టదు. అదంతా అన్యుల ఆచారమని ఒకసారి గుడిలో అందరి ముందూ నిన్ను మందలించారు. అప్పట్నుంచి గొంతు తగ్గించేశావు, మానడం మాత్రం మానలేదు. ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, "ప్రార్థనేలేవే... నీకెందుకూ, అటు జరుగు, నీళ్ళు పడతాయి" అనేదానివి.

ఎవరెవరి బిడ్డలకో చెవిలో చెప్పే మాట నాకు చెప్పవా? అప్పుడే అలిగాను. ఆ అలక నిన్న మొన్నటిదాకా తీరలేదు.

తర్వాత మగ్గాల వీధి కోటమ్మ కొడుకు చనిపోయాడు.

మూణ్ణెల్ల బిడ్డ. తొలిచూలు. నువ్వు నీళ్ళు పోసిన సాయంత్రమే జ్వరం తగిలింది. తర్వాత ఫిట్స్. బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. వారం తిరక్కుండానే ఊరంతా ఒకటే మాట. దీనమ్మ చిల్లంగి పెట్టింది. నీళ్ళు తిప్పుతూ మంత్రం చదివింది. కోటమ్మ చెవులారా విన్నదట.

నాన్న అప్పటికే లేడు. పెద్దమనుషులు మన ఇంటి ముందుకే వచ్చి నిన్ను బయటికి పిలిపించి, ఆ రోజు ఏం చదివావో చెప్పమన్నారు. నువ్వు నోరు విప్పలేదు. కొట్టారు. విప్పలేదు. మంత్రం మళ్ళీ పలక్కుండా పళ్ళు రాలగొట్టాలన్నారు ఎవరో. ముందరి పళ్ళు రాలగొట్టేశారు. నేను మన గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఎందుకు చెప్పలేదమ్మా? ప్రార్థన అని నాతో అన్నావు కదా, అదే వాళ్ళతో అనొచ్చు కదా?

అప్పట్నుంచి నీ నోట నా పేరు సరిగ్గా పలికేది కాదు. 'ఏత్తేరూ' అని పిలిచేదానివి. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేదానివి. మగ్గాల వీధి నుంచి పిలుపులు ఆగిపోయాయి. గుడిలో కూడా నీ పక్కన చాప ఖాళీగా ఉండేది. నాట్లకీ కోతలకీ వెళ్ళి నన్ను పెంచావు. ఎవరింటికైనా వెళ్ళి నేను పసిబిడ్డని ఎత్తుకోబోతే మాత్రం ఉరిమి చూసేదానివి. "పిల్లల జోలికి పోమాకే. నీకీ పని వద్దు." ఎన్నిసార్లు అన్నావో!

సరే, వద్దన్నావు, ఊరుకున్నాను. గ్రేస్ పుట్టినప్పుడైనా వస్తావనుకున్నాను. వచ్చావు. బెజవాడ దాకా వచ్చి, మా అత్తగారి ఎదుట గోడ పక్కన ముడుచుకుని కూర్చున్నావు. బిడ్డని ఒళ్ళో పెడితే చీర మాసి ఉందన్నావు. నీళ్ళు పొయ్యవే అమ్మా అంటే చేతులు పట్టు తప్పాయన్నావు. నా బిడ్డకి ఒక్క చెంబు... ఒక్కటంటే ఒక్క చెంబు పొయ్యకుండా సాయంత్రం బస్సెక్కేశావు.

పట్టు తప్పిన ఆ చేతులే మరి, గ్రేస్ మాటలు నేర్చే వయసులో నేను ఊరొస్తే, మన పెరట్లో ఏం చేస్తున్నాయి? కోటమ్మ కూతురు, ఆ చనిపోయిన బిడ్డ తర్వాత ఎన్నో ఏళ్ళకి పుట్టిన శ్రీలక్ష్మి, మన పీట మీద కూర్చుని కాళ్ళు చాపి ఉంది. దాని కాళ్ళ మీద ఒక ఆనపకాయ. ఆ ఆనపకాయకి నూనె రాసి, మెడ దగ్గర ఎలా పట్టాలో, వీపు ఎలా రుద్దాలో దాని చేతుల మీద నీ చేతులు వేసి నేర్పుతున్నావు!

నవ్వకు. ఆ రోజు ఆ ఆనపకాయని చూసి కూడా కుళ్ళుకున్నాను. మధ్యాహ్నం దాన్ని పులుసు పెట్టావు. నేను ముట్టలేదు, గుర్తుందా?

ఎవరింటివల్ల నీ పళ్ళు పోయాయో ఆ ఇంటి పిల్ల. నిన్ను పెద్దమ్మా అంటుంది, నన్ను అక్కా అంటుంది. దొడ్డిదారిన వచ్చి నేర్చుకుని వెళ్ళేది. ఎందుకు రానిచ్చావని అడిగితే, "అడిగిందే... చూపుల్లో భలే శ్రద్ధ దానికి" అన్నావు. నేనడగలేదా? నా చూపుల్లో లేదా శ్రద్ధ?

ఆ తర్వాత దానికి కొడుకు పుడితే కోటమ్మే స్వయంగా మన గుమ్మంలోకి వచ్చి పిలిచిందట. నువ్వు మారుమాట లేకుండా మగ్గాల వీధికి నడిచి వెళ్ళి, అందరూ చూస్తుండగా ఆ బిడ్డకి నీళ్ళు పోసి వచ్చావట. ఈ సంగతి నాకు ఫోన్లో తెలిసింది. ఊరు నిన్ను మళ్ళీ పిలిచిందని సంతోషించాలి కదా నేను? రెండు రోజులు అన్నం సయించలేదు. వాళ్ళ బిడ్డకి పట్టు తప్పలేదు, నా బిడ్డకే తప్పిందా అని.

ఇదంతా నెమరేసుకుంటూ ఊళ్ళో దిగాను. పండగ కదా, సమాధుల తోట నిండా జనం. గడ్డి పీకుతున్నారు, సున్నాలు వేస్తున్నారు, బంతిపూలు పరుస్తున్నారు. నీది మాత్రం అందరికీ దూరంగా, తుమ్మచెట్ల మూల, కాలవ గట్టు పక్కన. ఊరు మళ్ళీ పిలిచినా, చిల్లంగి మచ్చ పోలేదని వరసలో చోటివ్వలేదు కదా నీకు. షాపులో సెలవు దొరక్క కొన్నేళ్ళుగా పండక్కి రాలేకపోయినా, నాకిన్నాళ్ళూ అదే ఒక తృప్తి. ఆ మూలకి ఎవరూ రారు, అక్కడైనా నువ్వు నా ఒక్కదానివే అని.

సున్నం డబ్బా, కొత్త బ్రష్షు, కొవ్వొత్తుల ప్యాకెట్టు పట్టుకుని మూలకి వెళ్ళాను.

నీ సమాధి తెల్లగా మెరిసిపోతోంది. అప్పుడే వేసిన సున్నం, ఇంకా తడి కూడా ఆరలేదు. చుట్టూ గడ్డి నున్నగా చెక్కేసి ఉంది. నడుమ బంతిపూల శిలువ. అక్కడిదాకా కాలిబాట కూడా పడింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ బిడ్డని తీసుకొచ్చి, నీ కాళ్ళవైపు నిలబడి దణ్ణం పెట్టుకుంటోంది. శ్రీలక్ష్మి గారు చెప్పారండీ, మూడో నెలలో ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి చూపించుకోమని, అంది నాతో. నువ్వెవరని నన్నడిగింది!

నేనెవర్నో చెప్పలేదు. ఆవిడ వెళ్ళిందాకా ఆగాను. డబ్బా మూత తీశాను. తడి తెలుపు మీద మళ్ళీ తెలుపు వేయడం మొదలుపెట్టాను. తలవైపు నుంచి కాళ్ళవైపు దాకా, పక్కలూ, అంచులూ, ఏదీ వదలకుండా. పూలు తీసి పక్కన పెట్టి వాటి కింద కూడా వేశాను. పక్క సమాధుల వాళ్ళు ఆగి మరీ చూశారు. ఈవిడకేమైనా పిచ్చా అనుకుని ఉంటారు. అనుకోనీ. నీ ఒంటి మీద దాని సున్నం ఉండకూడదు, అంతే.

శ్రీలక్ష్మి బోరింగు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి చూసింది. బ్రష్షు నుంచి ఊడిన పీచు ఒకటి నీ సమాధికి అంటుకుంటే వంగి తీసేసి, బయటికి వెళ్ళిపోయింది. పోట్లాడి ఉంటే ఎంత బాగుండేదో!

గేటు బయట, కాలవ మీద కల్వర్టు గోడకి ఆనుకుని కోటమ్మ కూర్చుని ఉంది. ఏటా కూతురితో వస్తుందట, వాళ్ళ ఆచారం కాదని లోపలికి మాత్రం రాదట. నడుం వంగిపోయింది. కళ్ళు సరిగా ఆనవు. నేను తల తిప్పుకుని వెళ్ళిపోతుంటే పేరు పెట్టి పిలిచింది. కాసేపు కూర్చోమ్మా, నువ్వు కోప్పడాల్సింది నా మీదైతే దాని మీద పడతావేంటి అంది.

కూర్చోలేదు. నిలబడే విన్నాను.

ఆ రోజు బిడ్డని అందుకోవడానికి తువాలు పట్టుకుని నీ పక్కనే నిలబడిందట. నువ్వు ఆఖరి చెంబు తిప్పుతూ పెదాల మధ్య ఏదో అంటుంటే, అందులో ఒక్క ముక్క చెవిన పడిందట. మా ఏస్తేరు... తిప్పిన ప్రతిసారీ అదే... మా ఏస్తేరు. అప్పుడేమీ అనుకోలేదట. బిడ్డ పోయాక మాత్రం అదే చెవిలో గింగురుమన్నదట. నా బిడ్డ తల చుట్టూ నీళ్ళు తిప్పుతూ తన బిడ్డ పేరెందుకు చదివింది? నా బిడ్డ ఆయుష్షు తీసి తన కూతురికి పోసుకుంది... అని తేల్చుకుందట. కడుపుకోతలో ఉన్న మనిషి, ఏ పేరో చెప్పకుండా, మంత్రం చదివిందని మాత్రం కుళాయి దగ్గర నలుగురితో అన్నదట. ఆ నలుగురూ ఊరంతా అయ్యారు.

నా పేరమ్మా! నువ్వు చదివింది నా పేరు!

మిగతాది కోటమ్మ చాలా ఏళ్ళకి విన్నదట. శ్రీలక్ష్మి కొడుక్కి నువ్వు నీళ్ళు పోసినప్పుడు, ఈసారి కావాలనే చెవి దగ్గరగా పెట్టుకుని నిలబడిందట. పళ్ళు లేని నోటితో నువ్వు మొత్తం అన్నావట. "మా ఏత్తేరు ఎట్టా గట్టిగా ఉందో, అట్టా గట్టిగా ఉండు బిడ్డా." అంతే. ఇంకేం లేదు. ఊళ్ళో ఏ బిడ్డకైనా నువ్వు చెప్పింది అదొక్కటే. కోటమ్మ చేతిలో తువాలు కింద పడిపోయిందట. అప్పట్నుంచి ఇదంతా నాకెలా చెప్పాలో తెలియక, నువ్వు పోయాక ఏటా కూతురి వెనకాల అక్కడిదాకా వస్తోందట.

ఇంకో మాట కూడా అంది. పెద్దమనుషులు కొడుతున్నప్పుడు నువ్వు ఆ మాట చెప్పేసి ఉంటే, ఆ పేరు గల పిల్ల ఎక్కడుందో లాక్కురమ్మనేవాళ్ళే అంది. ఎవరి కోసం నోరు కట్టేసుకుందో నాకప్పుడు తెలియలేదమ్మా, అంటూ నా పాదాల వైపు చెయ్యి చాచింది. నేను వెనక్కి జరిగాను.

క్షమించానా అని అడగకు. లేదు. నాకప్పుడు ముందు వచ్చిందేమిటో చెప్పనా? ఏడుపు కాదు. కుళ్ళే! ఆ మాట కోటమ్మ విన్నది. రెండుసార్లు విన్నది. శ్రీలక్ష్మికి తెలుసు. ఊళ్ళో చంకన ఎత్తిన ప్రతి బిడ్డ చెవినా పడింది. ఒక్క నేనే వినలేదు. నా పేరు అందరికీ పంచిపెట్టి, నన్ను మాత్రం, నీళ్ళు పడతాయి అటు జరగమన్నావు కదమ్మా...

తిరుగు బస్సులో, పామర్రు దాటాక అనుకుంటాను, ఏడ్చాను. పక్కనావిడ మంచినీళ్ళ బాటిల్ ఇచ్చింది. పిల్లల జోలికి పోమాకే అని నన్నెందుకు కసిరావో, బెజవాడలో గ్రేస్‌ని ఎందుకు ముట్టుకోలేదో ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. మా అత్తగారి ముందు నువ్వు చెంబు తిప్పి, పెదాలు కదిపితే, రేపు బిడ్డకి చిన్న జలుబు చేసినా ఆ చిల్లంగి పేరు నాకూ చుట్టుకునేది కదూ? అందుకే ఆ చేతులు వెనక్కి పెట్టుకున్నావు. అవునా? లేక నాకు ఊరట కోసం నేనే అలా అనుకుంటున్నానా? ఎవర్నడగాలి?

నిన్న రాత్రి గ్రేస్‌ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నీ పళ్ళ సంగతి కూడా. అంతా విని, రేపు ఆంటీని రమ్మననా అంది. రమ్మను, గుమ్మంలో నేను కూడా ఉంటాను అన్నాను.

ఈ పొద్దున వచ్చిందమ్మా. స్కూటీ కింద పెట్టి, లిఫ్టులో పైకొచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి నిలబడింది. నేను రా అనేదాకా లోపలికి అడుగు పెట్టలేదు. బాత్రూములో ప్లాస్టిక్ తొట్టిని బకెట్ల వెనక్కి నెట్టేసింది. గీజరు నీళ్ళు మోచేత్తో చూసి చన్నీళ్ళు కలిపింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. బిడ్డని బోర్లా పడుకోబెట్టి వీపు మీద అరచెయ్యి వేసింది చూడూ... అమ్మా, నీ చెయ్యే. మణికట్టు దగ్గర అదే వంపు, వేళ్ళు విడదీసే పద్ధతీ అదే. బిడ్డ ఏడుపు ఆపి మత్తుగా కళ్ళు మూసింది. నా ఒళ్ళు మండిందో, చల్లబడిందో నాకే తెలియలేదు.

ఆఖరి చెంబు తీసింది. తల చుట్టూ తిప్పుతూ పెదాలు కదిపింది. నేను వంగి, చెవి దాని నోటి దగ్గర పెట్టాను. సిగ్గేముంది? ఇన్నేళ్ళ ఆకలి నాది.

మా ఏత్తేరు ఎట్టా గట్టిగా ఉందో...

దానికి పళ్ళన్నీ ఉన్నాయమ్మా. అయినా ఏత్తేరు అనే అంది. నీ నోట ఎలా విన్నదో అలాగే అప్పజెబుతోంది. బెజవాడలో ఎన్ని ఫ్లాట్లలో, ఎంతమంది ముక్కూమొహం తెలియని బిడ్డల తలల చుట్టూ నా పేరు అలా తిరుగుతోందో! నేనేమో గవర్నర్‌పేటలో చీరలు విప్పి మడతపెడుతూ దాన్ని తిట్టుకుంటున్నాను.

చెంబు ఇలా ఇవ్వు అన్నాను. ఇచ్చేసింది. గ్రేస్ తువాలు పట్టుకుని నిలబడింది. సగం నీళ్ళు నా చీర మీదే పడ్డాయి. మళ్ళీ నింపాను. నేను మాత్రం నోట్లో నోట్లో అనలేదమ్మా. బాత్రూము తలుపు బార్లా తీయించాను. ఎదురు ఫ్లాటు వాళ్ళకి వినిపించేలా, కింద వాచ్‌మన్‌కి వినిపించేలా అన్నాను. మా దీనమ్మ ఎట్టా గట్టిగా ఉందో, అట్టా గట్టిగా ఉండు తల్లీ! మా దీనమ్మ ఎట్టా గట్టిగా ఉందో!

ఎదురింటావిడ తొంగిచూసి, ఏం మంత్రమండీ అది అని అడిగింది. మా అమ్మ పేరండీ అన్నాను.

శ్రీలక్ష్మి తల వంచుకుని కళ్ళు తుడుచుకుంది. సాంబ్రాణి వేసి, బిడ్డని పాత చీర ముక్కలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. రేపట్నుంచి నీకు నేర్పుతానక్కా అంది. దేనిమీద, ఆనపకాయ మీదా అన్నాను. నవ్వేశాం ఇద్దరం. నవ్వానని కుళ్ళు పోయిందనుకోకు. అది నా దగ్గర కూర్చుని నిన్ను పెద్దమ్మా అన్నప్పుడల్లా ఇప్పటికీ కడుపులో చిన్న మంట. అది నాతోనే వస్తుందనుకుంటాను, నీ దగ్గరికి వచ్చేదాకా.

బిడ్డ నిద్రపోతోంది. ఇక ఉంటాను. వచ్చే పండక్కి దాన్ని ఎత్తుకుని వస్తాను. సున్నం డబ్బా ఒకటే తెస్తాను, బ్రష్షులు రెండు. శ్రీలక్ష్మికి కూడా చెప్పేశాను. పక్కలూ కాళ్ళవైపూ అది వేసుకోవచ్చు, కాదనను. నీ తలవైపు మాత్రం నాది. అటు దాన్ని రానివ్వను. నువ్వు చెప్పినా రానివ్వను.

నీ
ఏత్తేరు